లారీకి తిత్తి కట్టిన మత్తయ్య

అన్నం తినేటప్పుడు రోడ్డు మీద ఏదైనా బండి పోతే మత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. "వాల్వు కొట్టుకుంటాంది" అనో, "బేరింగు ఇయ్యాల్నో రేపో పోతది" అనో గొణుక్కుని, ఆ చప్పుడు దూరమై పూర్తిగా అణిగేదాకా ముద్ద నోట్లో పెట్టేవాడు కాదు.

"ఆ బండి నీదా? దాన్ని నడిపేటోడు నీ మేనత్త కొడుకా?" అని భార్య జానమ్మ కసిరేది. "సల్లారిపోతాంది, తిను."

దిగులు అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. మఠంపల్లి అవతల, కృష్ణ ఒడ్డున, ఆ తండ్రి పుట్టి వేసి జనాన్ని దాటించేవాడు. నీళ్ల రంగు కాస్త మారిందా, ఎక్కినవాళ్లను కూడా దింపేసి ఒడ్డున చతికిలబడేవాడు. పిరికి చంద్రయ్య అని ఊరంతా నవ్వేది. ఆయన పుట్టిలో మునిగి చచ్చినవాడు ఒక్కడూ లేడని కూడా ఆ ఊరే చెప్పేది. కొడుకు దగ్గరికి వచ్చేసరికి నది పోయి ఇంజను వచ్చింది. మిగిలినదంతా తండ్రి పోలికే.

యుద్ధం రోజుల్లో మత్తయ్య సికింద్రాబాదు పోయి మిలిటరీ వర్క్‌షాపులో పానా పట్టడం నేర్చుకున్నాడు. అక్కడే డ్రైవరుగా ఉండేవాడు సూర్యాపేట సైదయ్య. మత్తయ్య ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి. సైదయ్య ఏటేటా జాన్‌పహాడ్ దర్గాకు పోయి కందూరు విందు చేసే మనిషి. కులం వేరు, మొక్కే దేవుడు వేరు. అయినా పరాయి ఊళ్లో ఒకే పొయ్యి మీద వండుకున్నారు కాబట్టి "బావా" అంటే "బావా" అనుకోవడం అలవాటైంది. ఆ వరస ప్రకారం జానమ్మ సైదయ్యకు చెల్లెలైంది. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వదిలేసిన పాత లారీ ఒకటి సైదయ్య చేతికొచ్చింది. మత్తయ్య సూర్యాపేటలో బస్సులు ఆగే చోట రేకుల షెడ్డు వేసుకుని, దాని వెనకే కాపురం పెట్టాడు.

పోలీసు యాక్షను అయిన మరుసటి ఏడు సున్నానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కాలిపోయిన ఇండ్లకు జనం మళ్లీ గోడలు లేపుతున్నారు. సైదయ్య మేళ్లచెరువు బట్టీల దగ్గర కాల్చిన సున్నాన్ని బస్తాల్లో ఎత్తుకుని మిర్యాలగూడకు తోలేవాడు. దారిలో, హుజూర్‌నగర్ చేరకముందే, ఒక వాగు దాటాలి. మామూలు రోజుల్లో నీళ్లు మోకాళ్ల దాకే. కానీ అవతలి ఒడ్డు గోడలా లేచి ఉంటుంది. బరువుతో పోయిన లారీ సగం ఎక్కి, దగ్గి, మళ్లీ వెనక్కి జారేది. అప్పుడు ఒడ్డు పక్క తండా నుంచి గేమ్యా తన ఎడ్లను తోలుకొచ్చి, మోకులు కట్టి బయటికి లాగేవాడు.

కాల్చిన సున్నం సంగతి ఆ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. నీళ్లు తగిలితే అది ఊరుకోదు. సలసలా కాగి, పొగలు కక్కి, గోనెసంచిని కాల్చి, మనిషి మీద పడితే తోలు ఊడదీస్తుంది. సున్నం బండి వాగులో ఆగకూడదు, అంతే.

ఒకనాడు పొద్దున్నే సైదయ్య షెడ్డుకొచ్చి తలగుడ్డ తీసి నేలకు కొట్టాడు.

"బావా, నా ఇజ్జత్ ఖతమైంది. మిర్యాలగూడ గంజి బజార్ల నా బండిని ఏమంటుండ్రో ఎరికేనా? ఎద్దుల లారీ! 'సైదయ్యా, పెట్రోలు పోసినవా, గడ్డేసినవా' అని పోరగాండ్లు సుత నవ్వుతుండ్రు."

మత్తయ్య నవ్వలేదు. అతని చూపు షెడ్డు మూలకు, ఒక గోనెపట్ట మీదికి పోయింది. సైదయ్య ఆ చూపును పట్టుకున్నాడు. ఒక్క అంగలో పోయి పట్ట లాగేశాడు.

కింద ఒక ఇనుప పెట్టె ఉంది. దాని లోపల రెండు మెలితిరిగిన రోళ్లు ఒకదాని సందులో ఒకటి తిరుగుతాయి. ఏదో పెద్ద మిలిటరీ బండి పాడైపోతే తుక్కులోంచి మత్తయ్య ఏరి తెచ్చుకున్నాడు. వర్క్‌షాపులో దాన్ని సూపర్‌చార్జర్ అనేవారు.

"ఏందిది?"

"తిత్తి అనుకో. కమ్మరి కొలిమి సూడలేదా? బొగ్గులు ఎన్నున్నా గాలి ఊదకుంటే మంట లేవదు. నీ ఇంజను దాని అంతట అది గాలి పీల్సుకుంటది, అందినంతనే. ఇది బెల్టు మీద తిరుగుకుంట గాలిని, పెట్రోలును కలిపి బలవంతంగ లోపలికి నూకుతది. ఎంత నూకితే గంత మంట, గంత తాఖత్."

"ఓరి దొంగోడా! మరి నేను ఎడ్ల తోకలు పట్టుకొని తిరుగుతాంటే దీన్ని గోనెపట్ట కింద దాస్తవా?"

"కొలిమి ఎక్కువ ఊదితే ఇనుమే కారిపోతది బావా. నీ ఇంజను పుట్టినప్పుడు దానికి తిత్తి లేదు. గంత మంటను దాని పిస్టన్లు ఆగవేమో."

"పెండ్లినాడు గూడ గిట్లనే వణికినవ్. మా సెల్లె ఏమన్న కొరికిందా?"

"కొరకాల్సింది," అంది లోపల్నుంచి జానమ్మ.

సైదయ్య వదల్లేదు. రోజూ వచ్చి కూర్చున్నాడు. చివరికి మత్తయ్య పనిలోకి దిగాడు గానీ, దిగిన నాటి నుంచి నిద్ర పోయింది. ఒక్కో బోల్టు బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించేవాడు. లోపలికి పోయే గాలి ఎక్కువైంది కాబట్టి దాన్ని నొక్కడం తగ్గించాలి, లేకపోతే పేలుతుంది. అందుకని ఇంజను హెడ్డు కింద మందపాటి రాగి పలక వేసి దాన్ని కాస్త పైకి లేపాలనుకున్నాడు. రాగి కోసం ఊరంతా తిరిగి, ఆఖరికి ఇంట్లో పొయ్యి మీది నీళ్ల కాగు వైపు చూశాడు.

"దాని దిక్కు సూడకు," అంది జానమ్మ. "అది మా అమ్మ పెట్టిన కాగు."

మర్నాడు ఆ కాగును కంచరి లక్ష్మయ్య పలకగా కొడుతుంటే ఆమె అటు తిరిగి కూర్చుంది.

నిప్పురవ్వ ఒక గోరంత ఆలస్యంగా పడేటట్టు టైమింగు సర్దాడు. తిత్తిని ఇంజను నెత్తిన కూర్చోబెట్టి, దాని మీద కార్బురేటరు, ముందు నుంచి బెల్టు బిగించాడు. టాంకీ ఊడదీసి కడిగి, షెడ్డులో దాచుకున్న పెట్రోలు పోశాడు. హ్యాండిలు తిప్పగానే తేనెతుట్టెను కదిలించినట్టు జుమ్మని లేచింది చప్పుడు. టీకొట్టు దగ్గర జనం గ్లాసులతో సహా పరిగెత్తుకొచ్చారు.

సున్నం ఎత్తుకుని వాగుకు పోయినప్పుడు మత్తయ్య సైదయ్య పక్కనే కూర్చున్నాడు. లారీ నీళ్లలో దిగింది, ఒడ్డు మీద మూతి పెట్టింది, దగ్గకుండా జారకుండా సరసరా పైకి ఎక్కేసింది. పైన గేమ్యా ఎడ్లను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గేమ్యా, ఇగ వాటితోటి దున్నుకో," అని సైదయ్య కిటికీలోంచి అరిచాడు. "నా బండికి నీ ఎడ్లు అక్కర్లేదు."

"మంచిదే సేటూ," అన్నాడు గేమ్యా. "వాగు ఎటు పోదు. నేను గూడ ఎటు పోను."

ఆ మాట మత్తయ్యకు గుచ్చుకుంది. లారీ ఎక్కినందుకు అతను సంతోషించాలి. కానీ ఎక్కకపోతే బాగుండునని లోపల ఎక్కడో ఉండింది. ఎక్కకపోతే ఆ యంత్రాన్ని ఊడదీసి మళ్లీ గోనెపట్ట కప్పి, నిశ్చింతగా పడుకునేవాడు.

దసరా ముందరి పెత్రమాస వెళ్లిన వారంలో మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది, జానమ్మ చెల్లెలు పుష్పకు కొడుకు పుట్టాడని. జానమ్మ సంచి సర్దుకుని బస్సు కోసం నిలబడింది. సరిగ్గా అప్పుడే సైదయ్య లారీ తెచ్చి ముందర ఆపాడు.

"బస్సెందుకు సెల్లే? నేను మేళ్లచెరువుల సున్నం ఎత్తుకొని మిర్యాలగూడకే పోతున్న. ముంగట సీటు నీదే."

"నాకు బస్సే మంచిదన్నా. సున్నం బండి మీద తెల్లగ పూసుకొని పోతే మా పుష్ప దయ్యమనుకుంటది."

"బస్సుల పోతది తియ్యి బావా," అన్నాడు మత్తయ్య కూడా, కొంచెం తొందరగా.

సైదయ్య ఆ తొందరను పసిగట్టాడు. టీకొట్టు దగ్గరున్న వాళ్లందరికీ వినబడేటట్టు గొంతు పెంచాడు. "అట్లనా! అంటే నీ చేతిపని మీద నీకే నమ్మకం లేదన్నట్టు. సైదయ్య పాణం ఏమైతే ఏంది, నీ పెండ్లాం మాత్రం బస్సుల పోవాలె. ఇన్నరా?"

నలుగురూ నవ్వారు. మత్తయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఎక్కు," అన్నాడు జానమ్మతో.

"నేను బస్సుల..."

"ఎక్కమన్న గద."

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, సంచి పట్టుకుని ఎక్కింది.

ఎండ కాస్త ముదిరాక సైదయ్య భార్య సాయమ్మ ఖాళీ సీసా పట్టుకుని షెడ్డుకొచ్చింది.

"అన్నా, జర గాసునూనె ఉంటే ఇయ్యవా? దీపానికి సుక్క లేదు. రేషనుది మొన్ననే తెస్తే మా ఆయన మొత్తం ఎత్తుకపోయిండు."

"ఎందుకు?"

"ఎందుకేంది, లారీల పోసుకునెతందుకు! ఎప్పుడు పోసేదే గద. నువ్వే నేర్పినవంట, యుద్ధంల."

మత్తయ్య చేతిలో పానా కిందపడింది.

యుద్ధంలో పెట్రోలు కూపన్ల మీద చుక్కలు చుక్కలుగా దొరికేది. అప్పటి నుంచి ఆ రోడ్డు మీద తిరిగే ప్రతి డ్రైవరూ పెట్రోలులో కిరసనాయిలు కలపడం నేర్చాడు. పాత ఇంజన్లు దాన్ని తాగి, కాస్త పొగ వదిలి, పోనీలే అని నడిచేవి. అది ఎంత మామూలైపోయిందంటే ఎవడూ దాని గురించి మాట్లాడుకోడు. వండే మనిషికి కూరలో ఉప్పు వెయ్యమని ఎవరైనా చెబుతారా? తిత్తి కట్టేటప్పుడు మత్తయ్య రాగి గురించి ఆలోచించాడు, నిప్పురవ్వ గురించి ఆలోచించాడు, బెల్టు గురించి, బోల్టుల గురించి రాత్రుళ్లు మేలుకున్నాడు. ఇది మాత్రం తట్టలేదు.

తిత్తి కింద కిరసనాయిలు ఊరుకోదు. రవ్వ పడకముందే తనంతట తాను అంటుకుంటుంది. పిస్టను ఇంకా పైకి రాకుండానే నెత్తి మీద సుత్తెతో కొట్టినట్టు పేలుతుంది. కొట్టి కొట్టి, వేడెక్కి, చివరికి పిస్టను కరిగి బొక్క పడుతుంది. బండి అక్కడికక్కడ ఆగిపోతుంది. రోడ్డు మీద ఆగితే పీడాపోయె. బరువు ఎక్కువ పడేది వాగులో, ఒడ్డు ఎక్కేటప్పుడు. ఆగితే అక్కడే ఆగుతుంది. వెనక సున్నం. ముందు సీట్లో జానమ్మ.

"అన్నా, నూనె..." అంటున్న సాయమ్మను అక్కడే వదిలి, పానాల సంచి భుజాన వేసుకుని పరిగెత్తి కోదాడ బస్సు పట్టుకున్నాడు.

బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన ఏదో అడిగితే అతనికి వినపడలేదు. లారీ మేళ్లచెరువులో సున్నం ఎత్తుకోవాలి, అక్కడ ఎప్పుడూ ఆలస్యమవుతుంది, ఇవాళ ఇంకా ఆలస్యం కావాలని ప్రార్థించాడు. మళ్లీ, ఆలస్యమైతే పొద్దుగుంకేలోపు చేరాలని సైదయ్య బండిని ఉరికిస్తాడేమోనని భయపడ్డాడు. పొద్దుగుంకాక రోడ్డు మీద కనబడితే కమ్యూనిస్టుల కోసం గాలిస్తున్న మిలిటరీవాళ్లు ఊరుకోరు. ఏది కోరుకోవాలో కూడా తెలియకుండా పోయింది.

కోదాడలో డ్రైవర్లంతా ఆగేది ఈశ్వరమ్మ హోటలు దగ్గర. ఆవిడ పెనం మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"సైదయ్యగారా? పొద్దున్నే వచ్చి వెళ్లారండీ. ఆ అమ్మాయికి కూడా ఇడ్లీ పెట్టించారు. కొత్త మిషను పెట్టించానని వీధిలో వాళ్లందరికీ మూత తెరిచి చూపించారు. వెళ్లేటప్పుడు, 'విను ఈశ్వరమ్మా, నా లారీ గజ్జెలు కట్టింది' అన్నారు. నిజమేనండోయ్! బండి కదలగానే గజ్జెలు కట్టుకున్న పిల్ల పరిగెత్తినట్టు చిటచిటా మోగింది. మీరేనా పెట్టింది? ఎంత బావుందో!"

ఆ గజ్జెలు పిస్టన్ల నెత్తిన పడే దెబ్బలని మత్తయ్యకు తెలుసు. ఖాళీ బండే గజ్జెలు మోగించిందంటే, బస్తాలు పడ్డాక ఆ పిస్టన్ల గతేమిటి?

"ఏమైంది అన్నయ్యా? మంచినీళ్లు తాగండి."

"సైకిలు కావాలె. ఎవ్వలిదన్న."

ఆవిడ అతని ముఖం చూసి పెనం వదిలి లేచింది. తమ్ముడి సైకిలు ఇప్పించింది.

మేళ్లచెరువు బాట పట్టి లారీ వెనక పడితే అందుకోలేడు. హుజూర్‌నగర్ మీదుగా పోయి, వాగు దగ్గర ఎదురు నిలబడి ఆపాలి. అట్లా అనుకుని తొక్కాడు. గొలుసు ఊడితే ఎక్కించుకుని తొక్కాడు. ఎగువన ఆకాశం నల్లబడి ఉంది. ఆ వాన ఇక్కడ పడనక్కరలేదు, నీళ్లు వాటంతట అవే వస్తాయి. నీళ్ల రంగు చూసి జనాన్ని దింపేసే తండ్రి కళ్ల ముందు మెదిలాడు. ఆ తండ్రి కొడుకేనా తను? పొద్దున నలుగురు నవ్వితే ఎక్కమన్నాడు.

వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు తొడల దాకా పెరిగి ఎర్రగా తిరుగుతున్నాయి. ఒడ్డున గేమ్యా కూర్చుని తాడు పేనుతున్నాడు.

"గేమ్యా! లారీ దాటిందా?"

"నాకేమెరుక? గది గొప్ప లారీ. నా ఎడ్లు అక్కర్లేని లారీ."

"నీ కాల్మొక్కుత, చెప్పు. మా ఇంటామె ఉన్నది అందుల. అది వాగుల ఆగిపోతది."

గేమ్యా తాడు కింద పెట్టాడు. "దాటలే. పొద్దుగాల సంది గీడనే ఉన్న. దాటితే కానరాదా?" లేచి ఎగువకు చూశాడు. "నీళ్లింకా వస్తయి. ఎడ్లను తోలుకొస్త. ఆ సేటు కోసం గాదు, నీ ఇంటామె కోసం."

మత్తయ్య అవతలి ఒడ్డు వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. తిత్తి చప్పుడు దూరం నుంచే వినపడుతుంది. గాలి ఇటే వీస్తోంది. ఏమీ లేదు. పొద్దు పడమటికి వాలింది. ఈపాటికి రావాలి. ఎంత మెల్లగా సున్నం ఎత్తినా ఈపాటికి రావాలి. ఎక్కడో దారిలోనే ఏమైనా అయిందా? మంట లేచిందా? బోల్తా పడిందా? ప్రార్థిద్దామని కళ్లు మూస్తే జానమ్మ ముఖమే వచ్చింది. ఇంక నిలబడలేక సైకిలు ఒడ్డునే వదిలి, పానాల సంచి నెత్తిన పెట్టుకుని నీళ్లలో దిగాడు. నడుమ ఒకసారి కాలు జారి మునిగి లేచాడు. అవతల ఎక్కి, తడిబట్టలతోనే బండ్లబాట వెంట పరిగెత్తాడు.

రెండు మలుపులు తిరిగాక లారీ కనిపించింది. బాట నడుమ నిలబడి ఉంది. పొగ లేదు, మంట లేదు. సైదయ్య ఫుట్‌బోర్డు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. దూరంగా ఒక బండరాయి మీద జానమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మత్తయ్య తిన్నగా ఆ బండరాయి దగ్గరికి పోయాడు.

"వచ్చినవా బావా!" అని సైదయ్య లేచాడు. "జర నీ పెండ్లానికి చెప్పు. ఏం మనిషిరా ఈమె! ఉన్నట్టుండి ఆపు ఆపు అన్నది. ఆపకపోతే దుంకుతనని తలుపు తెరిసింది. ఎందుకొచ్చిన పరేషానని ఆపితే, దిగి హ్యాండిలు గుంజుకొని దాని మీద కూసున్నది. ఎంత బతిమాలినా లేస్తలేదు. సెల్లె గాదు, మిలిటరీ ఆఫీసరు!"

నిజంగానే జానమ్మ కింది నుంచి ఇంజను తిప్పే హ్యాండిలు కొస కనబడుతోంది.

"నీకెట్ల తెల్సింది?" అన్నాడు మత్తయ్య ఆమెతో.

"నాకేం తెల్సు? వాల్వేదో బేరింగేదో నాకెరుక లేదు. గని ఏ సప్పుడు ఇంటే నీ మొఖం తెల్లవడ్తదో పెండ్లైన కాన్నుంచి సూస్తనే ఉన్న. కోదాడల మోగితే తిన్న ఇడ్లీ అరగలే. సున్నం ఎక్కినంక ఇంకింత మోగింది. అన్న గజ్జెలంటడు. గజ్జెలైతే నీకెందుకు భయం?"

మత్తయ్య మూత ఎత్తి ఒక ప్లగ్గు విప్పాడు. చెయ్యి కాలింది. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే, ప్లగ్గు కొస మీద సన్నటి వెండి రవ్వలు అంటుకుని మెరుస్తున్నాయి.

"గిదేంది?" అన్నాడు సైదయ్య.

"నీ పిస్టను. కరిగి గిట్ల రవ్వలైంది. ఇంకొక్క ఒడ్డెక్కుడైతే బొక్క వడేది. వాగు నిండ నీళ్లున్నయి బావా."

సైదయ్య బస్తాల వైపు చూశాడు, జానమ్మ వైపు చూశాడు. తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"గాసునూనె కలిపినవా?"

"ఎన్నడు కలపలే?" అన్నాడు సైదయ్య. "కలపొద్దని నువ్వు చెప్పలే గద."

"చెప్పలే," అన్నాడు మత్తయ్య.

మత్తయ్య బెల్టు కోసి, తిత్తిని ఊడదీసి బస్తాల మీద పడేశాడు. కార్బురేటరును దాని పాత చోట్లో బిగించాడు. జానమ్మ లేచి హ్యాండిలు ఇచ్చింది. ఇంజను దగ్గి, పొగ కక్కి, ఒక కాలు కుంటినట్టు నడిచింది. వాగు దాకా అట్లాగే పోయారు.

గేమ్యా ఎడ్లు నీళ్లలో సిద్ధంగా ఉన్నాయి. "పెట్రోలు తాగే ఎద్దు అలిసిందా సేటూ?" అన్నాడు మోకు కడుతూ. సైదయ్య తల వంచుకుని స్టీరింగు పట్టుకున్నాడు. నడి వాగులో ఒక అల చక్రం మీదుగా ఎగిరి అడుగు బస్తాను తడిపింది. సుయ్యిమని తెల్లటి పొగ లేచింది. ఎడ్లు బెదిరి పక్కకు తిరిగాయి. గేమ్యా వాటి మూపుల మీద చెయ్యి వేసి తన భాషలో ఏదో అరిచాడు, మళ్లీ బతిమాలినట్టు మెల్లగా చెప్పాడు. అవి ఒక్క గుంజు గుంజాయి. లారీ ఒడ్డెక్కింది. పొగలు కక్కుతున్న ఆ బస్తాను సైదయ్య, గేమ్యా కలిసి కర్రలతో కిందికి దొర్లించి దూరం నెట్టారు.

మత్తయ్య, జానమ్మ ఎగువ పక్కగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచి దాటారు. ఒడ్డెక్కగానే ఆమె చెయ్యి విడిపించుకుని కొంగు పిండుకుంది.

"నేను బస్సుల పోతనంటి. ఎందుకెక్కించినవ్?"

బస్సులో రద్దీ ఉంటదనో, పిల్లగాన్ని తొందరగా చూస్తావనో అనొచ్చు. మత్తయ్య నోటికి ఆ మాటలు రాలేదు.

"వాడు అందరి ముంగట మాటన్నడు. ఆ మాట పడలేకపోయిన."

జానమ్మ చాలాసేపు కొంగు పిండుతూనే ఉంది. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

"రోడ్డు మీద పోయే బండ్లన్నిటికి భయపడ్తవు," అంది చివరికి. "పొద్దుగాల నా ఒక్కదానికి భయపడకపోతివి."

సైదయ్య లారీలోంచి, "ఎక్కుండ్రి, పొద్దుగుంకుతాంది" అని కేక వేశాడు. ఆమె లారీ వైపు కూడా చూడలేదు.

"నేను నడుస్త. హుజూర్‌నగర్‌ల ఉండి, రేపు బస్సుల పుష్ప దగ్గరికి పోత."

"నేను రావాల్నా?"

"నీ ఇష్టం."

నడవబోతూ ఆమె ఆగింది. ఒక చెప్పు వాగులో కొట్టుకుపోయింది. బాటంతా కంకర. మత్తయ్య తన చెప్పులు విడిచి ఆమె ముందర పెట్టాడు.

"పెద్దగైతయి," అంది.

అయినా తొడుక్కుంది. టపటపా చప్పుడు చేసుకుంటూ ముందు ఆమె, వట్టికాళ్లతో సైకిలు నెట్టుకుంటూ వెనక అతను హుజూర్‌నగర్ దిక్కు నడిచారు. తన అడుగు ఆమె అడుగుకు ఎంత దూరంలో పడాలో తెలియక అతను తడబడుతూనే ఉన్నాడు.